గంధకపు రాడికల్ కేటయాన్ల వర్ణపటం తీసేటప్పుడు

చిరంజీవి సుధకు ఆశీస్సులు.

గంధకమున్న కర్బన పదార్థమైన థయాంత్రీన్‌తో పని మొదలుపెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లంలో చిటికెడు పొడి వేస్తే ఆ ఆమ్లమే దాన్ని ఆక్సీకరించి ఊదారంగు ద్రావణంగా మారుస్తుంది. తడి తగలనంతవరకు ఆ రాడికల్ కేటయాన్ (ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకుని, జతలేని ఎలక్ట్రాన్‌తో మిగిలిన ధన అయాన్) నిలకడగా ఉంటుంది కాబట్టి, ఈఎస్ఆర్ (అయస్కాంత క్షేత్రంలో జతలేని ఎలక్ట్రాన్ల వర్ణపటం తీసే పద్ధతి) నేర్చుకునేవారికి ఇంత అనువైన పదార్థం మరొకటి లేదని నా నమ్మకం. ద్రావణాన్ని సన్నని క్యాపిలరీలోనే నింపు. వెడల్పు గొట్టంలో పోస్తే ఆమ్లం మైక్రోతరంగాలను పీల్చేసుకుని, నమూనా ఉంచే కేవిటీని ట్యూన్ కానివ్వదు.

నాలుగు సమాన ప్రోటాన్ల వల్ల సుమారు 1.3 గాస్ (అయస్కాంత క్షేత్రపు కొలమానం) ఎడంతో, 1:4:6:4:1 నిష్పత్తిలో అయిదు గీతలు కనిపిస్తాయి. అంతటితో రాడికల్‌ను గుర్తించేశానని మాత్రం రాయకు. మరో గంధక పదార్థమైన టెట్రాథయాఫల్వలీన్ రాడికల్ కేటయాన్ కూడా దాదాపు అంతే ఎడంతో అయిదు గీతలే ఇస్తుంది. రెండింటి జి విలువా (వర్ణపటం ఏ క్షేత్రం దగ్గర వస్తుందో చెప్పే సంఖ్య) 2.008 దగ్గరే ఉంటుంది. స్వేచ్ఛా ఎలక్ట్రాన్ విలువ అయిన 2.0023 కంటే ఇది ఎక్కువగా ఉండడం, ఒంటరి ఎలక్ట్రాన్ గంధకం మీద గణనీయంగా ఉందని చెబుతుందే తప్ప అణువేదో చెప్పదు.

తేల్చి చెప్పేది గంధకం-33 అనే ఐసోటోపు. సహజ గంధకంలో ఇది సుమారు 0.75 శాతమే. దాని స్పిన్ 3/2 కాబట్టి, రెండు గంధకాలున్న థయాంత్రీన్‌లో ఆ కొద్ది అణువుల సంకేతం నాలుగు ముక్కలై, ఒక్కొక్కటి ప్రధాన సంకేతంలో 0.4 శాతానికి కూడా చేరదు. అయినా ఓపికగా వెతుకు. విభజన (ఆ ముక్కల మధ్య ఎడం) 9 గాస్ దగ్గర ఉంటుంది గనుక, బయటి రెండు ముక్కలు వచ్చే చోట, అంటే మధ్యబిందువుకు రెండువైపులా 13.5 గాస్ ప్రాంతంలో, ప్రధాన గీతల రద్దీకి దూరంగా, అదే అయిదు గీతల నమూనా చిన్నగా కనిపించాలి. టెట్రాథయాఫల్వలీన్‌లో విభజన 4 గాస్ పైచిలుకే కనుక ఆ గీతలు 6 గాస్ దాటగానే వస్తాయి. వెతికేటప్పుడు మాడ్యులేషన్ (అయస్కాంత క్షేత్రానికి ఇచ్చే చిన్న ఊపు) పెంచినా పరవాలేదు గానీ, కొలిచేటప్పుడు గీత వెడల్పులో మూడోవంతుకు మించనివ్వకు. ద్రావణం చిక్కనైతే గీతలు వెడల్పై ఇవన్నీ మునిగిపోతాయి.

డైమిథైల్ సల్ఫైడ్ జోలికి వెళ్తే, ద్రావణంలో 6.8 గాస్ ఎడంతో పదమూడు గీతలు వచ్చినప్పుడు అది ఒంటరి కేటయాన్ కాదు, పక్క అణువుతో జతకట్టిన ద్వ్యణుకమని గుర్తుంచుకో.

థయాంత్రీన్ పెర్‌క్లోరేట్ లవణాన్ని మాత్రం తయారుచేయకు. పొడిగా ఉన్నప్పుడు గీకినా పేలవచ్చు.




శుభాకాంక్షలతో,
నీ మాస్టారు