‘వచ్చేసింది’ అనే పిల్లవాడు అబద్ధమాడుతున్నాడా?

ఆరేళ్ల మీ బాబు పద్యాన్ని రెండుసార్లు చదివి ‘వచ్చేసింది’ అంటూ పుస్తకం మూసేస్తున్నాడనీ, మర్నాడు పొద్దున అడిగితే మొదటి పాదం దగ్గరే ఆగిపోతున్నాడనీ, తొమ్మిదేళ్ల అక్క మాత్రం ‘ఒప్పజెప్తాను, చూడమ్మా’ అని తానే మీ దగ్గరికి వస్తోందనీ రాశారు. వాడు ఆటకు పోవడానికి అబద్ధమాడుతున్నాడా, లేక జ్ఞాపకశక్తిలోనే లోపముందా అన్నది మీ సందేహం. ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై ఏడేళ్లు చిన్న తరగతులకు పాఠాలు చెప్పినవాణ్ణి. మీరు రాసినదాన్ని బట్టి నాకు ఈ రెండూ కనిపించడం లేదు.

గుర్తుపెట్టుకోవడం ఒకటి, తనకు ఏది ఎంతవరకు గుర్తుంటుందో తెలియడం మరొకటి. ఈ రెండో ఎరుకకు మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఫ్లావెల్ 1971లో ‘మెటామెమరీ’ అని పేరు పెట్టారు. అంతకు ముందు ఏడాది ఆయనా, ఆయన తోటివారూ పిల్లలకు బొమ్మల వరుసలను ఒక్కొక్కటిగా పది దాకా పెంచుతూ చూపి, ఎన్ని చెప్పగలరో ముందే ఊహించమన్నారు. బడి ఈడుకు రాని పిల్లల్లో చాలామంది పదీ చెప్పేస్తామన్నారు, కానీ చెప్పగలిగింది అందులో కొంతే. బాగా వచ్చేదాకా చూసి అప్పుడు పిలవమన్నప్పుడు కూడా చిన్నవాళ్లు వచ్చిందనే నమ్మకంతోనే పిలిచి తడబడ్డారు, పెద్ద పిల్లలు పిలిచాక దాదాపు తప్పు లేకుండా చెప్పారు. మీ బాబు నమ్మకం కూడా అటువంటిదే.

మా మనవడి సంగతి చెబుతాను. వాడికి ఐదేళ్లప్పుడు ఉప్పు, పసుపు, చింతపండు, అగ్గిపెట్టె తెమ్మని వీధి చివరి కొట్టుకు పంపితే, ‘నాకెందుకు గుర్తుండదు తాతా’ అని పరుగెత్తి, ఉప్పూ అగ్గిపెట్టే తెచ్చి, ‘నువ్వు రెండే చెప్పావు’ అని నాతో గట్టిగా వాదించాడు. ఆ ముఖంలో కపటం లేదు. ఎనిమిదో ఏట అదే పిల్లవాడు గుమ్మంలో నిలబడి ఒక్కొక్క వస్తువుకు ఒక్కొక్క వేలు ముడిచి, పెదవులు కదుపుకుంటూ బయలుదేరాడు. దారిలో పక్కింటావిడ పలకరిస్తే తల ఊపాడే తప్ప నోరు విప్పలేదు. మాట్లాడితే సరుకులు మరిచిపోతానని వాడికి తెలిసిపోయింది! ‘ఐదు దాటితే చీటీ రాసివ్వు తాతా’ అన్న రోజున నాకు కలిగిన ఆనందం వాడి మార్కులు చూసినప్పుడు కూడా కలగలేదు. ఎవరైనా చెప్పిన ఫోన్ నంబరుకు వెంటనే ఫోన్ చేస్తావా, ముందు మంచినీళ్లు తాగి వస్తావా అని 1975 నాటి ఒక అధ్యయనంలో పిల్లలను అడిగితే, పెద్ద తరగతులవాళ్లలో ఎక్కువమంది ముందు ఫోనే అన్నారు. మావాడు మౌనంగా నడిచిన కారణం కూడా అదే.

మీరు చేయవలసింది, వాడు ‘వచ్చేసింది’ అన్న క్షణాన వాదించకుండా, అన్నం తిన్నాక, పుస్తకం కంటికి కనబడనప్పుడు ‘ఇప్పుడు చెప్పగలవా?’ అని అడగడం. చదివిన వెంటనే పద్యం ఇంకా చెవిలోనే మోగుతుంటుంది కనుక, అది వచ్చినట్టే తోస్తుంది. కాస్త ఆగి అడిగితే చిన్నపిల్లల అంచనా కూడా నిజానికి బాగా దగ్గరవుతుందని వోల్ఫ్‌గాంగ్ ష్నైడర్, ఆయన తోటివారు 2000లో ప్రచురించిన అధ్యయనంలో చూపారు. మా ప్రాంతపు పిల్లలు బడిలో ఒడియాలో ‘పణికియా’ (అంటే ఎక్కాలే), ఇంట్లో తెలుగులో ఎక్కాలు వల్లించేవారు. ప్రార్థనకు ముందు వల్లించిన ఎక్కాన్ని నేను మధ్యాహ్నం భోజనాలయ్యాకే అడిగేవాణ్ణి, అడిగే ముందు ‘ఎంతవరకు చెప్పగలవో నువ్వే చెప్పు’ అనేవాణ్ణి. కొన్ని వారాలకు ‘ఏడో ఎక్కం ఐదు దాకా వచ్చు, తర్వాత రాదు సార్’ అనే జవాబులు వినిపించేవి.

పాప విషయంలో కూడా ఒక్కటి గమనించండి. తనకు ఏది రాదో తెలిసిన పిల్లలు కూడా చాలాకాలం వచ్చినదానికీ రానిదానికీ దాదాపు ఒకే సమయం ఇస్తూ చదువుతారు. కష్టమైనదానికి ఎక్కువ సమయం ఇవ్వడం సాధారణంగా పది, పదకొండేళ్ల తరువాతే స్థిరపడుతుంది. అందుకని తాను ఒప్పజెప్పినప్పుడు ‘ఏ పాదం దగ్గర తడబడ్డావు?’ అని తననే అడిగి, ఆ పాదం ఒక్కటే మళ్లీ చదివించండి.