మనవడు వెళ్లాక ఏ పనీ సరదాగా లేదు.. ఇది డిప్రెషనేనా?

ప్రశ్న: నాకు 60 ఏళ్లు. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతున్నాను. బీపీకి రోజూ ఒక మాత్ర వేసుకుంటాను. మా అబ్బాయి వాళ్లు డాలస్‌లో ఉంటారు. ఈసారి సెలవులకు వచ్చి మొదటి వారం మా దగ్గర, తర్వాత వియ్యంకుల ఇంట్లో ఉండి వెళ్లారు. ఆ వారం ఎలా గడిచిపోయిందో తెలియలేదు. తొమ్మిదేళ్ల మనవడికి రాత్రీ పగలూ తారుమారై తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి కూర్చునేవాడు. ఇద్దరం మేడ మీదికెళ్లి మొక్కలకు నీళ్లు పోసేవాళ్లం, మందార పూల మీద వాలే తేనెపిట్టను చూసేవాళ్లం. ఒక సాయంత్రం అందరం గోదావరి గట్టుకు, ఇంకో రోజు కడియం నర్సరీలకు వెళ్లాం. చిన్నప్పుడు నరసాపురంలో నేర్చుకున్న లేసు అల్లిక వాడికి చూపించాను. వాళ్లు వెళ్లి నెలన్నర అయింది. అవే మొక్కలు, అదే పిట్ట, కానీ మేడ ఎక్కబుద్ధి కావడం లేదు. లేసు పట్టుకుంటే పది నిమిషాలకే కళ్లు లాగి విసుగొస్తోంది. తిండి మామూలుగానే తింటున్నాను. రాత్రి పదకొండున్నర దాకా ఫోన్ చూసి పడుకుంటున్నాను, పొద్దున ఏడున్నరకు గానీ లేవడం లేదు. మావారేమో ‘ఊరికే ఆలోచిస్తావు’ అంటారు. ఇది డిప్రెషనా? ఇలాంటి చిన్న చిన్న సరదాలు నిజంగా ఆరోగ్యానికి పనికొస్తాయా, లేక మనల్ని మనం మభ్యపెట్టుకోవడమేనా?
– ఒక పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: అమ్మా, మిమ్మల్ని చూడకుండా ఉత్తరం చదివి ఇది డిప్రెషనే అనో, కాదనో తేల్చి చెప్పలేను. అలాగని మీవారు అన్నట్టు కొట్టిపారేసే విషయం కూడా కాదిది. మీరు మాటవరసకు రాసిన మూడు సంగతుల దగ్గర నేను ఆగాను. మనవడితో పాటు నాలుగున్నరకు లేవడం, లేసు అల్లుతుంటే కళ్లు లాగడం, ఎనిమిదేళ్లుగా మెట్‌ఫార్మిన్ వాడటం. మనవడి మీద బెంగ ఉంటుంది, అది సహజం. కానీ ఆ వారం హాయిగా గడవడానికీ, ఇప్పుడిలా ఉండటానికీ ఈ మూడింటిలో కూడా కారణాలున్నాయని నా అనుమానం.

ముందు మీరడిగిన డిప్రెషన్ సంగతి. గత రెండు వారాల్లో ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, దిగులుగానో ఇక ఏం లాభం అన్నట్టుగానో అనిపించడం, ఈ రెండూ ఎన్ని రోజులున్నాయని మేం మొదట అడుగుతాం. అసలు లేకపోతే సున్నా, కొన్ని రోజులుంటే ఒకటి, సగం కంటే ఎక్కువ రోజులుంటే రెండు, దాదాపు రోజూ ఉంటే మూడు. రెండు ప్రశ్నలకూ కలిపి మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే వివరంగా పరీక్షించాలి. అంతమాత్రాన జబ్బు ఉందని కాదు, చూపించుకోవాలని అర్థం. నిజాయతీగా వేసుకుని చూడండి. మీ వయసులో డిప్రెషన్ చాలాసార్లు ఏడుపు రూపంలో రాదు. ఒళ్లునొప్పులు, నీరసం, మతిమరుపు, ఎవరు పలకరించినా చిరాకు.. ఇలా వస్తుంది. అందుకే ఇంట్లోవాళ్లు వయసు మీద పడుతోందిలే అని సరిపెట్టేసుకుంటారు. పిల్లలు విమానం ఎక్కాక రెండు మూడు వారాలు ఇల్లు బోసిపోయినట్టు ఉండటం మామూలే. నెలన్నర దాటినా ఇష్టమైన పనుల మీదికి మనసు పోవడం లేదంటే మాత్రం ఒకసారి డాక్టర్‌ను కలవడమే మంచిది.

కలిసినప్పుడు కొన్ని రక్తపరీక్షలు అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వాడేవాళ్లలో కొందరికి బి12 విటమిన్ తగ్గుతుంది. శాకాహారులైతే ఆ అవకాశం ఇంకా ఎక్కువ. బి12 తగ్గితే నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు, మతిమరుపుతో పాటు మనసు కూడా డీలా పడుతుంది. థైరాయిడ్ మందగించినా అంతే, ఏ పని చేయాలన్నా ఒళ్లు బరువు. మీ వయసు ఆడవాళ్లలో ఇది అరుదేం కాదు. కాబట్టి బి12, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), హిమోగ్లోబిన్, హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు) చేయించుకోండి. ఇవి తేలకుండా మనసును సరిచేసుకుందామని కూర్చుంటే, ఒంట్లో ఉన్న లోపం అలాగే ఉండిపోతుంది.

ఇక కళ్లు. లేసు మీద ఇష్టం పోయిందని మీరు అనుకుంటున్నారు. నాకైతే చూపు దగ్గరే తేడా వచ్చి ఉంటుందనిపిస్తోంది. సన్నటి దారం, చిన్న క్రోషే సూది, ఒకదాని పక్కన ఒకటి పడాల్సిన గొలుసు కుట్లు. శుక్లం మొదలైనా, కళ్లద్దాల పవర్ మారినా, షుగర్ ఎగుడుదిగుడుగా ఉన్నా ఆ దారం మసకబారుతుంది. పది నిమిషాలు తంటాలు పడి పక్కన పడేస్తాం. పైకి మాత్రం ‘మూడ్ లేదు’ అంటాం. పేపర్ చదవడం మానేసినవాళ్లు, భజనకు వెళ్లడం మానేసినవాళ్లు, పొద్దుటి నడక మానేసినవాళ్లు నా దగ్గరికి వస్తుంటారు. కాస్త తరచి అడిగితే ఒకరికి కన్ను, ఒకరికి చెవి, ఒకరికి మోకాలు. షుగర్ ఉన్నవాళ్లు ఎలాగూ ఏడాదికోసారి రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష చేయించుకోవాల్సిందే. మీరు చివరిసారి ఎప్పుడు చేయించుకున్నారో గుర్తు చేసుకోండి. గుర్తు రావడం లేదంటే ఈ వారమే వెళ్లండి. ఈలోపు లేసు అల్లేది పగటి వెలుతురులో, కిటికీ పక్కన కూర్చుని అల్లండి. తెల్ల దారం బదులు కాస్త లావుపాటి రంగు దారం తీసుకుంటే కుట్లు తేలిగ్గా కనబడతాయి.

నాలుగున్నర సంగతి నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. వాడికి జెట్‌లాగ్ కాబట్టి లేచాడు, వాడి కోసం మీరు లేచారు. చీకట్లోనే మేడెక్కి, తెల్లవారేదాకా అక్కడే ఉన్నారు. అంటే వారం రోజుల పాటు పొద్దుటి వెలుతురు నేరుగా మీ కళ్లకు తగిలింది. మెదడులో నిద్రకూ మెలకువకూ వేళలు నిర్ణయించే గడియారం ఒకటి ఉంటుంది, అది ప్రధానంగా కంటిలోకి వచ్చే వెలుతురును బట్టే టైమ్ సరిచేసుకుంటుంది. పొద్దున్నే వెలుతురు పడితే రాత్రి పెందలాడే నిద్రొస్తుంది. రాత్రి పొద్దుపోయేదాకా వెలుతురులో ఉంటే అది వెనక్కి జరుగుతుంది. వాడు వెళ్లాక మీ పొద్దు ఏడున్నరకు మొదలవుతోంది. లేవగానే వంటగది, తర్వాత హాలు, టీవీ. వెలుతురూ పోయింది, మెట్లెక్కి దిగే నడకా పోయింది. మనవడితో పాటు మీకు ఆ మూడు గంటలు కూడా దూరమయ్యాయి. వాడిని తిరిగి రప్పించడం మన చేతుల్లో లేదు గానీ, ఆ పొద్దును రప్పించుకోవచ్చు.

నాలుగున్నరకు లేవమని చెప్పను. ఏడున్నర నుంచి నాలుగైదు రోజులకోసారి ఇరవై నిమిషాల చొప్పున ముందుకు జరుపుకుంటూ ఆరు దగ్గర ఆగండి, చాలు. రాత్రి పది తర్వాత ఫోన్ వేరే గదిలో చార్జింగ్‌కు పెట్టండి. ఫోన్ వెలుతురు నిద్ర చెడగొడుతుందని అందరూ అంటారు. నా అనుభవంలో వెలుతురు కన్నా అందులో ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వీడియోలే ఎక్కువ మేలుకోబెడతాయి.

ఇప్పుడు ముఖ్యమైన మాట. ‘ఎక్కబుద్ధి కావడం లేదు’ అన్నారు. బుద్ధి పుట్టేదాకా ఆగకండి. మనసు డీలా పడినప్పుడు మొదట దెబ్బతినేది సరదా మీద ఆశ. పని చేస్తున్నప్పుడు కలిగే హాయి అంతగా తగ్గకపోయినా, చేయకముందు ‘ఏముందిలే’ అనిపిస్తుంది. ఆ మాట నమ్మి కూర్చుండిపోతాం, కూర్చున్నకొద్దీ ఇంకా డీలా పడతాం. అందుకే బీపీ మాత్రకు మూడ్‌తో పని లేనట్టే దీనికీ టైమ్ పెట్టుకోవాలి. ఆరుంబావుకు మేడ, అంతే. ఇంటి పనంతా అయ్యాక చూద్దాం అనుకుంటే మన ఇళ్లలో ఆ పని ఎప్పటికీ అవదు, మీకు నేను చెప్పాలా.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. మేడ ఎక్కేముందు ‘ఇది నాకు పదికి ఎంత బాగుంటుంది’ అని ఒక అంకె వేయండి. దిగాక ఎంత బాగుందో దాని పక్కనే ఇంకో అంకె. చాలామందికి మొదటిది రెండు, రెండోది నాలుగో అయిదో ఉంటుంది. పది రావాలని చూడకండి, తేడా ఎటు ఉందో చూడండి. కొన్ని రోజులు రెండూ ఒకటే ఉంటాయి, అవి కూడా అలాగే రాయండి. నచ్చిన పనులను ఇలా వేళ ప్రకారం మళ్లీ మొదలుపెట్టించడం డిప్రెషన్‌కు గుర్తింపు ఉన్న చికిత్స. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో ఇంగ్లండ్‌కు చెందిన ఒక అధ్యయనం వచ్చింది. డిప్రెషన్ ఉన్న 440 మందిలో కొందరికి ఈ పద్ధతిలో, కొందరికి నిపుణులు చేసే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స) పద్ధతిలో చికిత్స ఇచ్చారు. తక్కువ శిక్షణ ఉన్న సిబ్బంది చేయించినా ఇది రెండోదానికి తీసిపోలేదు. కాబట్టి మభ్యపెట్టుకోవడమా అన్న మీ సందేహం వదిలేయండి. అయితే వాళ్లకు వారం వారం ఒకరు తోడుండి చేయించారు, అది మర్చిపోకూడదు. ఒంటరిగా చేసుకుంటే ఎవరైనా మధ్యలో మానేస్తారు.

మీకు ఆ తోడు ఎవరంటే, ‘ఊరికే ఆలోచిస్తావు’ అన్న పెద్దమనిషే. ఆయనతో మనసు విప్పి మాట్లాడమని నేననను, నలభై ఏళ్ల కాపురంలో ఆ అలవాటు లేకపోతే ఇప్పుడు కొత్తగా ఇబ్బంది. ‘నీళ్ల బకెట్ మేడ మీదికి కాస్త పట్టుకురండి’ అనండి. బకెట్‌తో పాటు మనిషీ వస్తారు. పైన ఓ పావుగంట నిలబడతారు. ఆ పావుగంట చాలు.

మనవడితో ఫోన్ మాటలు ఎలా సాగుతున్నాయో మీరు రాయలేదు. మామూలుగా ‘తిన్నావా, స్కూల్ ఎలా ఉంది’ దగ్గర ఆగిపోతాయి, పిల్లలు బొమ్మలు చూసుకుంటూ ఊఁ కొడతారు. మాటలకన్నా చూపించడానికి ఏదైనా ఉంచుకోండి. గుప్పెడు మెంతులు రాత్రి నానబెట్టి, అడుగున చిల్లులున్న ట్రేలో మట్టి మీద చల్లండి. మూడు నాలుగు రోజుల్లో మొలక తల ఎత్తుతుంది. నడుం వంచి, గింజ తొక్కను నెత్తిన టోపీలా పెట్టుకుని పైకి లేస్తుంది, ఆ రెండు రోజులే చూడాలి దాన్ని. మూడు వారాలకల్లా కూరకు వస్తుంది. పక్కన బంతి విత్తనాలూ వేసి, వాటి బాగోగులు వాడికి చెబుతూ ఉండండి. ఇప్పుడు మనకు ఉదయం ఏడంటే డాలస్‌లో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, వాడు పడుకునే వేళ. మేడ మీద నుంచే ఫోన్ చేయండి. తేనెపిట్ట వస్తే వాడి అదృష్టం.

రోజూ అదే చేస్తే పదిహేను రోజుల్లో అదీ మొహం మొత్తుతుంది. రోజూ పాయసం వండితే ఎవరు తింటారు? మేడ మీదికి రోజూ వెళ్లండి, కానీ లేసు వారానికి మూడు రోజులే పట్టుకోండి. కడియం నెలకోసారి చాలు. వెళ్లినప్పుడు నాలుగు మొక్కలకు బదులు ఒక్కటే తెచ్చుకుంటే, మళ్లీ వెళ్లడానికి ఒక సాకు మిగులుతుంది.

చిన్న చిన్న సరదాలు ఆరోగ్యానికి పనికొస్తాయా అని అడిగారు కదా, చెట్టూ చేమా మధ్య గడపడం సంగతీ చెబుతాను. ఇంగ్లండ్‌లో దాదాపు 20 వేల మందిని అడిగి చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. వారానికి 120 నిమిషాలు గానీ ఆపైన గానీ పచ్చదనం మధ్య గడిపినవాళ్లు, అసలు గడపనివాళ్లకన్నా ఆరోగ్యంగా, హాయిగా ఉన్నామని చెప్పారు. ఒకేసారి వెళ్లినా, కొద్దికొద్దిగా వెళ్లినా తేడా కనబడలేదు. దీన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి. ఒంట్లో బాగున్నవాళ్లే ఎక్కువగా బయటికి వెళ్తారు కదా, ఏది కారణమో ఏది ఫలితమో అందులో తేలలేదు. ఖర్చు లేనిది, హాని లేనిది కాబట్టి నేను మందుచీటీలో రాస్తాను.

హాని లేదన్నాను గానీ, షుగర్ ఉన్న మనిషికి కొన్ని జాగ్రత్తలు తప్పవు. మేడ మీద, మట్టిలో చెప్పులు లేకుండా తిరగొద్దు. అరికాలు మొద్దుబారి ఉంటే ముల్లు దిగినా తెలియదు, పుండు పడ్డాక తెలుస్తుంది. రాత్రి పడుకునే ముందు పాదాలు ఒకసారి చూసుకోండి. కుండీల కింద పళ్లేల్లో నీళ్లు నిలవనివ్వకండి. డెంగీ దోమకు ఆ కాస్త నీళ్లే చాలు, వారానికోసారైనా వంచి తుడవాలి. కింద గొంతుక్కూర్చుని కలుపు తీయకుండా, కుండీలను బల్ల మీద పెట్టుకోండి. ఇది గోదావరిలో ఎర్రనీళ్లు వచ్చే కాలం, గట్టు మీద నుంచి చూడండి, మెట్లు దిగొద్దు. నాచు పట్టిన మెట్టు మీద ఈ వయసులో పడితే తుంటి ఎముకకే ముప్పు.

ఇవన్నీ మొదలుపెట్టి మూడు నాలుగు వారాలైనా నోటుబుక్కులో రెండో అంకె కదలకపోతే, మానసిక వైద్యులను కలవండి. ఆకలి తగ్గినా, బరువు పడిపోతున్నా, నిద్ర మధ్యలో తెగిపోతున్నా అన్నాళ్లు ఆగక్కర్లేదు. మందులు అవసరమైతే వాళ్లు చెబుతారు. మందు వేసుకుంటూ కూడా మేడ ఎక్కొచ్చు, రెండింటికీ గొడవేం లేదు. బతకాలని లేదనే ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ రోజే ఇంట్లో చెప్పండి, టెలిమానస్ 14416కు ఫోన్ చేయండి. మానసిక ఆరోగ్య సాయం కోసం కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఉచిత సేవ అది, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు.

బి12 తగ్గిందని తేలితే మెట్‌ఫార్మిన్ మీ అంతట మీరు ఆపేయకండి. రిపోర్టుతో పాటు ఆ నోటుబుక్కు కూడా మీ డాక్టర్‌కు చూపించండి. ‘ఎలా ఉన్నారు’ అని అడిగినప్పుడు ‘బానే ఉన్నాను’ అనేసి వచ్చేవాళ్లే ఎక్కువ. అందులోని అంకెలు చూస్తే ఏ రోజుల్లో ఎలా ఉన్నారో ఆయనకు తెలుస్తుంది.