వాగు నీటిలో పాదరసం: ఇది కూడా ఒక చదువేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ జంతుశాస్త్రం పూర్తిచేసింది. వాగుల్లోని జీవులకు పాదరసం ఎలా చేరుతుందో పరిశోధిస్తానంటోంది. మేము డేటా సైన్స్ కోర్సులో చేర్పించాలనుకుంటున్నాం. ఏది మేలు?
– ఒక తల్లి, భద్రాద్రి కొత్తగూడెం జిల్లా

జవాబు: అమ్మా, ఇలాంటి ప్రశ్న నాకు చాలాసార్లు వచ్చింది. నలుగురికీ తెలియని చదువు చదివితే అమ్మాయి భవిష్యత్తు ఏమవుతుందోనన్నదే మీ అసలు భయం.

ముందు ఆ చదువేమిటో తెలుసుకోండి. అమెరికాలోని వర్జీనియా రాష్ట్రంలో, వేన్స్‌బరో పట్టణంలోని డ్యూపాంట్ కర్మాగారం 1929 నుంచి 1950 వరకు వాడిన పాదరసం సౌత్ రివర్ అనే నదిలో కలిసింది. వాడకం ఆగి దశాబ్దాలు గడిచినా అక్కడి చేపలను అది వదలలేదు. ప్రాణవాయువు అందని అడుగు బురదలో బ్యాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. నీటిలో అతి పలచగా ఉండే ఆ విషం రాళ్లమీది నాచులో వేల రెట్లు చిక్కబడి, నాచును మేసే పురుగుల్లో, వాటిని తినే చేపల్లో మెట్టుమెట్టుకూ పెరుగుతుంది. చేపలు తినని ఒడ్డుపక్షుల్లోనూ ఆ నది దగ్గర పాదరసం ఎక్కువగా ఉందనీ, అందులో పెద్ద వాటా అవి తిన్న సాలెపురుగుల నుంచే వచ్చిందనీ 2008లో పరిశోధకులు వెల్లడించారు. నీటిలో పెరిగి, రెక్కలొచ్చాక ఎగిరిపోయే కీటకాలు కూడా విషాన్ని గట్టు దాటించగలవు. బొగ్గు మండినా పాదరసం గాలిలో కలిసి వానతో నేలకు దిగుతుంది. పాల్వంచ థర్మల్ కేంద్రం ఉన్న జిల్లావారికి ఇది పరాయి విషయం కాదు.

ఇక డేటా సైన్స్. కొన్ని నెలల కోర్సుల మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. ఎవరో సిద్ధంచేసిన పట్టికలతో అందరూ ఒకే అభ్యాసాలు చేసి, ఒకే రకం సర్టిఫికెట్‌తో ఒకే ఉద్యోగానికి వరుస కడుతున్నారు. వాగు దగ్గర నమూనా తీసి, ప్రయోగశాలలో కొలిచి, ఆ అంకెలు ఎందుకలా వచ్చాయో తేల్చే అమ్మాయికి గణాంకశాస్త్రమూ ప్రోగ్రామింగూ ఎలాగూ అవసరమవుతాయి. అవి తన ప్రశ్న కోసం నేర్చుకుంటుంది కనుక ఒంటబడతాయి. బంధువుల పిల్లల జీతం విని కూతురి ఇష్టాన్ని కొట్టిపారేయడం పొరపాటమ్మా. ఆమెను కూర్చోబెట్టి, ఎందుకు ఇష్టమో ఒక్కసారైనా అడిగారా?

ఈ దారి నిదానమైనదే. జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవారికి ఇచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయలతో పరిశోధన సాగుతుంది, రాకపోతే నీటి, ఆహార పరీక్షల ప్రయోగశాలల్లో విశ్లేషకురాలిగా మొదలుపెట్టవచ్చు. కోర్సు ఫీజు కట్టేముందు ఆమెను అలాంటి ప్రయోగశాలలో రెండు నెలలు పనిచేయనివ్వండి. తిరిగి వచ్చాక ఏమంటుందో విని, అప్పుడు నాకు మళ్లీ రాయండి.