స్టిల్ కుటుంబ కంపెనీ చరిత్ర, పాత కాంట్రా రంపం ఇప్పుడు పనికొస్తుందా?

మీరు మూడు సంగతులు అడిగారు: చైన్ రంపాలు చేసే జర్మనీ కంపెనీ స్టిల్ ఇప్పటికీ కుటుంబం చేతిలోనే ఉందా, 1960ల నాటి దాని పెట్రోలు రంపం కాంట్రాకీ ఇప్పటి రంపాలకీ అసలు తేడా ఎక్కడుంది, అలాంటి పాత మిషన్ దొరికితే పనికి పెట్టొచ్చా అని.

కుటుంబం చేతిలోనే ఉంది. షేర్ మార్కెట్‌లో లేదు. అయితే రోజువారీ నిర్వహణ నుంచి కుటుంబం 2002లోనే తప్పుకుంది. దాని గురించి కింద రాస్తాను. ముందు మిషన్ల సంగతి చెప్పుకుందాం, ఎందుకంటే ఈ కంపెనీ చరిత్ర అంతా వాటి బరువులోనే కనిపిస్తుంది.

ఆండ్రియాస్ స్టిల్ 1896లో జ్యూరిక్‌లో పుట్టారు. 1926లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో సొంత వర్క్‌షాపు పెట్టి, కరెంటుతో నడిచే చైన్ రంపం తయారుచేశారు. దుంగల్ని డిపోలో ముక్కలు చేయడానికి అది సరిపోయింది. అడవిలో కరెంటు ఎక్కడిది? అందుకే 1929లో పెట్రోలు రంపం వచ్చింది. 6 హార్స్‌పవర్, 46 కిలోలు. ఇంజిన్ వైపు ఒకరు, బార్ (చైన్ తిరిగే పొడవాటి ఉక్కు పలక) చివర ఒకరు పట్టుకుంటే తప్ప లేచేది కాదు.

నాజీల కాలం గురించి కంపెనీ కథలు చెప్పేవాళ్లు చాలామంది దాటేస్తారు. ఆండ్రియాస్ స్టిల్ నాజీ పార్టీలో, దాని సాయుధ దళమైన ఎస్‌ఎస్‌లో సభ్యుడు. యుద్ధం ముగిశాక మిత్రరాజ్యాల సేనలు ఆయన్ను నిర్బంధించాయి. కంపెనీ చరిత్ర తెలుసుకోవాలనుకునేవాళ్లకు ఇది కూడా తెలియాలి.

యుద్ధం తర్వాత పని ఒకే దారిలో సాగింది: ఇద్దరు మోసేదాన్ని ఒకరు మోసేలా చేయడం. 1950లో ఒక్క మనిషి వాడగల పెట్రోలు రంపం బీఎల్ వచ్చింది, 16 కిలోలు. 1954లో బీఎల్‌కే, 11 కిలోలు. 1959లో కాంట్రా, 12 కిలోలు, 6 హార్స్‌పవర్. అంటే 1929 నాటి శక్తే, నాలుగో వంతు బరువులో. ఇప్పటి ఎంఎస్ 500ఐ 5 కిలోవాట్లు, అంటే దాదాపు 6.8 హార్స్‌పవర్. బార్, చైన్ లేకుండా దాని బరువు 6.2 కిలోలు. దాదాపు వందేళ్లలో శక్తి పెద్దగా పెరగలేదని గమనించండి. మారింది మనిషి మీద పడే భారం.

కాంట్రాకి పేరు రావడానికి కారణం గేరు లేకపోవడం. అంతకుముందు రంపాల్లో ఇంజిన్‌కీ చైన్‌కీ మధ్య గేర్‌బాక్స్ ఉండేది. చైన్ నెమ్మదిగా, బలంగా లాగేది. గేర్‌బాక్స్ వల్ల బరువు పెరిగేది, దానికి వేరే నూనె పోయాల్సి వచ్చేది, అరుగుదల కూడా ఎక్కువ. కాంట్రాలో ఇంజిన్ తిప్పే క్రాంక్ షాఫ్ట్ మీదే సెంట్రిఫ్యూగల్ క్లచ్ (వేగం పెరిగితే తనంతట పట్టే క్లచ్), దాని డ్రమ్‌తో పాటే చైన్‌ని లాగే పళ్ల చక్రం, అంటే స్ప్రాకెట్. ఇంజిన్ ఎంత వేగంగా తిరిగితే స్ప్రాకెట్ అంత వేగంగా తిరుగుతుంది. లెక్క సులభం: స్ప్రాకెట్ పళ్లను చైన్ పిచ్‌కి (వరుసగా మూడు రివెట్ల మధ్య దూరంలో సగం) రెట్టింపుతో గుణిస్తే ఒక చుట్టుకి చైన్ ఎంత కదులుతుందో వస్తుంది. మూడు బై ఎనిమిది అంగుళాల చైన్‌కి పిచ్ 9.32 మి.మీ. ఏడు పళ్లయితే చుట్టుకి 130 మి.మీ. నిమిషానికి 10,000 చుట్లయితే సెకనుకి దాదాపు 22 మీటర్లు.

అంత వేగంలో పాత పద్ధతి గీరుడు పళ్ల చైన్ నిలవదు. 1947లో అమెరికాలోని ఆరెగాన్‌లో జోసెఫ్ కాక్స్, చెక్కని తొలిచే పురుగు దవడలు చూసి చేసిన వంపు పన్ను చైన్ అప్పటికే వాడుకలోకి వచ్చింది. ఒక్కో పన్ను పలచటి పేడు తీస్తుంది, ఎంత లోతు తీయాలో దాని ముందున్న చిన్న గడ్డ నిర్ణయిస్తుంది. గేరు లేని రంపం నిలబడింది ఈ చైన్ మీదే. మీ చేతిలోని రంపం కూడా అంతే, కాబట్టి ఆకురాయి పట్టేటప్పుడు ఆ గడ్డని మరచిపోకండి. పన్ను అరిగే కొద్దీ ఎత్తు తగ్గుతుంది, గడ్డ మాత్రం అలాగే ఉంటుంది. చైన్ పదునుగానే కనిపిస్తుంది, కోయదు. పన్నుకీ గడ్డకీ ఎత్తులో ఉండాల్సిన తేడా, సాధారణ మూడు బై ఎనిమిది, పాయింట్ 325 (0.325 అంగుళాల పిచ్) చైన్లకి 0.65 మి.మీ., పాయింట్ 404కి 0.80 మి.మీ. గేజ్ పెట్టి కొలిచి చదును ఆకురాయితో తగ్గించాలి. అంతకన్నా తగ్గిస్తే పన్ను లోతుగా దిగి రంపం గుంజుతుంది, ఎగదన్నే ప్రమాదం కూడా పెరుగుతుంది.

గుండ్రటి ఆకురాయి సైజు చైన్‌ని బట్టి ఉంటుంది: చిన్న మిషన్ల మూడు బై ఎనిమిది పికోకి 4 మి.మీ., పాయింట్ 325కి 4.8, పెద్ద మూడు బై ఎనిమిదికి 5.2, పాయింట్ 404కి 5.5. కోణం 30 డిగ్రీలు. లోపలి నుంచి బయటికే తోయాలి, వెనక్కి లాగేటప్పుడు పన్ను మీద ఆనించకూడదు. అన్ని పళ్లూ ఒకే పొడవుండాలి. ఒక వైపు పళ్లు పొట్టిగా ఉంటే కోత పక్కకి వంకరపోతుంది, అప్పుడు చాలామంది బార్‌ని తప్పుపడతారు.

మళ్లీ కాంట్రా దగ్గరకి. దానికి శక్తి ఉంది, చైన్ వేగం ఉంది. లేనివి మూడు, ఆ మూడూ తర్వాతే వచ్చాయి.

ఒకటి, అదురు తగ్గించే పిడి. 1960ల మధ్యలో స్టిల్ ఇంజిన్‌నీ పిడినీ రబ్బరు బుషింగులతో వేరుచేసింది. అంతకుముందు రోజంతా కోసినవాళ్ల వేళ్లకి రక్తం సరిగా అందక తెల్లబడి, మొద్దుబారిపోయేవి. ఆ జబ్బు ముదిరితే తగ్గదు. ఈ బుషింగులున్న పాత మిషన్ కొంటుంటే, ఇంజిన్ ఆపి రెండు పిడులూ పట్టుకుని ఎదురెదురుగా మెలితిప్పి చూడండి. లోహానికి లోహం తగిలినా, ఒక వైపు ఎక్కువ వాలినా బుషింగ్ చిరిగినట్టే. అసలు కదలకపోతే రబ్బరు గట్టిపడి ఉంటుంది, అదీ పనికిరాదు.

రెండు, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్. 1968లో వచ్చింది. కాంట్రాలో ఉండేవి కాంటాక్ట్ పాయింట్లు, అంటే తెరుచుకుంటూ మూసుకుంటూ నిప్పురవ్వ పుట్టించే లోహపు బిళ్లలు. తడికి, నూనెకి పాడై నిప్పురవ్వ రాదు. స్టార్ట్ కాని పాత మిషన్‌కి కార్బ్యురేటర్ విప్పే ముందు ఫ్లైవీల్ కింద పాయింట్లు శుభ్రం చేసి, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి సందు సరిచూడడం మేలు.

మూడోది చైన్ బ్రేక్, 1972. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. బార్ ముక్కు పై సగం దేనికైనా తగిలితే రంపం కన్నుమూసి తెరిచేలోగా మీ ముఖం వైపు ఎగదన్నుతుంది. ముందున్న గార్డుకి చెయ్యి తగిలినా, ఆ ఊపుకి గార్డు తనంతట కదిలినా, స్ప్రింగు లాగిన ఉక్కు పట్టీ క్లచ్ డ్రమ్‌ని బిగించి చైన్‌ని ఆపేస్తుంది. పనికి ముందు ఇంజిన్ వేగం పెంచి, ఎడమ మణికట్టు వెనుక భాగంతో గార్డుని ముందుకు తోయండి. చైన్ అక్కడికక్కడే ఆగాలి. కాస్త జారి ఆగితే పట్టీ అరిగింది, లేదా డ్రమ్ మీద నూనె, పొట్టు చేరాయి. బ్రేక్ వేసి ఉండగా యాక్సిలరేటర్‌ని రెండు మూడు సెకన్లకు మించి నొక్కి ఉంచితే క్లచ్, డ్రమ్ వేడెక్కి పాడవుతాయి. చాలా క్లచ్‌లు ఇలాగే పోతాయి.

అందుకే కాంట్రాతో చెట్లు పడగొట్టొద్దని నా సలహా. బాగుచేసి ప్రదర్శనకి పెట్టుకోండి, నడిపి చూపించండి. ఇంధనం విషయంలో ఒక జాగ్రత్త: ఆ కాలంలో 1:25 నిష్పత్తి మామూలు. ఇప్పటి మిషన్లకి, మంచి టూ స్ట్రోక్ నూనెతో 1:50, అంటే 5 లీటర్ల పెట్రోలుకి 100 మి.లీ. పాత ఇంజిన్‌లో నూనె తగ్గించి ప్రయోగాలు చేయకండి, పిస్టన్ గీతలు పడితే ఆ మోడల్‌కి మంచి సిలిండర్ దొరకడం కష్టం. కలిపిన ఇంధనం నెల దాటితే వాడొద్దు.

ఇక కుటుంబం సంగతి. ఆండ్రియాస్ 1973లో చనిపోయారు. కొడుకు హాన్స్ పీటర్ స్టిల్, కూతురు ఎవా మాయర్ స్టిల్ నడిపించారు. అప్పటికే, 1971 నుంచి, ప్రపంచంలో ఎక్కువగా అమ్ముడయ్యే చైన్ రంపం వీళ్లదే. 2002లో నిర్వహణ బాధ్యత బయటి నిపుణులకి అప్పజెప్పి కుటుంబం సలహా మండలిలోకి వెళ్లింది. 2012లో ఆ మండలికి హాన్స్ పీటర్ కొడుకు నికోలస్ స్టిల్ అధ్యక్షులయ్యారు. ప్రధాన కార్యాలయం స్టుట్‌గార్ట్ పక్కనే వైబ్లింగెన్‌లో ఉంది.

కుటుంబం చేతిలో ఉండడం వల్ల నిలిచిన నిర్ణయాల్లో రెండు వాడేవాళ్లకి నేరుగా తగులుతాయి. రంపాలు ముఖ్యంగా సర్వీస్ చేయగల డీలర్ల ద్వారానే అమ్మడం మొదటిది. సొంత చైన్ తయారుచేసుకోవడం రెండోది. స్విట్జర్లాండ్‌లోని విల్‌లో 1974 నుంచి చైన్ ఫ్యాక్టరీ ఉంది. చైన్ కొనేటప్పుడు పిచ్, డ్రైవ్ లింకు (బార్ గాడిలో దిగే లింకు) మందం, లింకుల సంఖ్య మూడూ బార్‌తో కలవాలి, పిచ్ స్ప్రాకెట్‌తో కూడా కలవాలి. 1.3 మి.మీ. చైన్ 1.6 మి.మీ. గాడిలో పడుతుంది, కానీ ఊగి కోత వంకర తిరుగుతుంది. అరిగిన స్ప్రాకెట్ మీద కొత్త చైన్ వేస్తే చైన్ త్వరగా సాగుతుంది. పళ్ల మీద అరుగుడు గుర్తు అర మిల్లీమీటరు లోతు దాటితే స్ప్రాకెట్ మార్చాలి.

పెట్రోలు నింపిన ప్రతిసారీ చైన్ నూనె కూడా నింపండి. పెట్రోలు ట్యాంకు అయిపోయాక కూడా నూనె ట్యాంకు నిండుగానే ఉంటే బార్ మీది నూనె రంధ్రం మూసుకుపోయి ఉండొచ్చు. చైన్ తీసి, గాడిని గీరి, రంధ్రం ఊది పెట్టండి. తర్వాత బార్ ముక్కుని లేతరంగు మొద్దు వైపు, తాకకుండా పట్టి వేగం పెంచితే నూనె చార కనిపించాలి.

ఎంఎస్ 500ఐ కొంటే ఇంకొకటి గుర్తుంచుకోండి. 2019లో వచ్చిన దాంట్లో కార్బ్యురేటర్ లేదు, ఇంధనాన్ని ఎలక్ట్రానిక్ పద్ధతిలో ఇంజెక్ట్ చేస్తుంది. తిప్పి సరిచేసుకునే స్క్రూలు ఉండవు. సరిగా నడవకపోతే ఎయిర్ ఫిల్టరు, ట్యాంకులోని ఫిల్టరు, స్పార్క్ ప్లగ్ వరకే మీరు చూడగలరు. ఆపైన డీలర్ దగ్గరున్న డయాగ్నస్టిక్ పరికరమే దిక్కు.