ఫ్యామిలీ డాక్టర్ ఎన్నికల్లో నిలబడితే ప్రాక్టీస్ ఏమవుతుంది? మా పెదనాన్న సంగతి

చిన్న ఊళ్ళో పదేళ్ళుగా ప్రాక్టీస్ ఉంది, వార్డు ఎన్నికల్లో నిలబడమని ఊరివాళ్ళు పట్టుబడుతున్నారు, రెండూ నడుస్తాయా అని ఒక డాక్టర్ గారు అడిగారు. నేను డాక్టర్ని కాను. కానీ మా పెదనాన్న తిరుత్తణిలో ఫ్యామిలీ డాక్టర్‌గా ఉంటూనే 1996లో తమిళనాడు స్థానిక ఎన్నికల్లో కౌన్సిలర్‌గా గెలిచారు. అప్పట్లో మేం చెన్నైలో, పెరంబూరులో ఉండేవాళ్ళం. సెలవులొస్తే లోకల్ రైలెక్కి పెదనాన్న దగ్గరికి పోయి, కాంపౌండర్ పక్కన కూర్చుని పేర్లు రాసేవాణ్ణి.

తిరుత్తణి 1960 దాకా చిత్తూరు జిల్లాలోదే. సగం మంది జబ్బు తెలుగులో చెప్పుకునేవాళ్ళు, సగం మంది తమిళంలో. ఫీజు పది రూపాయలు. టేబుల్ మీద ఖాళీ హార్లిక్స్ సీసా ఉండేది, ఉన్నవాళ్ళు అందులో వేసేవాళ్ళు, లేనివాళ్ళు దండం పెట్టి వెళ్ళేవాళ్ళు. ఆయన గెలిచింది ఆ సీసా వల్లే. ప్రచారానికి పెద్దగా తిరిగింది కూడా లేదు. ఏ ఇంట్లో ఎవరికి షుగరుందో, ఎవరు రాత్రిళ్ళు తాగి గొడవ చేస్తారో ఆయనకు తెలుసు. ఆ విషయాలు ఆయన నోట ఎప్పుడూ బయటికి రావని ఊరికి తెలుసు.

గెలిచిన నెలలోనే క్లినిక్ వాలకం మారిపోయింది. జ్వరమని వచ్చినవాడు థర్మామీటర్ నోట్లోంచి తీయగానే కొళాయి సంగతి ఎత్తేవాడు. పెదనాన్న మందుల చీటీ వెనకే వీధిదీపాల ఫిర్యాదులు రాసుకునేవారు. ఒకసారి ఒక ముసలాయన ఆ చీటీ పట్టుకుపోతే, మందుల షాపువాడు ఫోన్ చేసి, "డాక్టర్ గారూ, స్తంభం 14 అని రాశారు, ఏ కంపెనీదండీ?" అని అడిగాడు. ఇది మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటాం.

నవ్వుకోవడానికి బాగానే ఉంది కానీ, అసలు దెబ్బ వేరే చోట తగిలింది. అవతలి పార్టీ వాళ్ళున్న వీధి నుంచి జనం రావడం తగ్గిపోయింది. కోపం కాదు, మొహమాటం. ఓటు వెయ్యలేదు, ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని పోతాం అని. వచ్చేవాళ్ళు కూడా నిజం చెప్పడం మానేశారు. తాగుడు మానావా అంటే, మానేశానండీ అనేవాళ్ళు. డాక్టర్ దగ్గర ఒప్పుకునే తప్పు కౌన్సిలర్ దగ్గర ఎవరు ఒప్పుకుంటారు? ఇక మెడికల్ సర్టిఫికెట్ల టెన్షన్ సరేసరి. మనవాడే కదా అని లేని జబ్బుకి సెలవు సర్టిఫికెట్ అడిగేవాళ్ళు. కాదన్నందుకు ఒక కుటుంబం మాట్లాడటమే మానేసింది.

డాక్టర్లుగా ఉండి పెద్ద నాయకులైనవాళ్ళు దీన్ని ఎలా దాటారని మీకు అనిపించవచ్చు. భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు చదివింది మన మద్రాసు మెడికల్ కాలేజీలోనే. మచిలీపట్నంలో మంచి ప్రాక్టీస్. ఆయన రెండు పడవల మీద కాళ్ళు పెట్టలేదు, వైద్యం వదిలేసి స్వాతంత్ర్య ఉద్యమంలోకి వెళ్ళిపోయారు. 1923లో ఆంధ్రా బ్యాంక్ పెట్టారు, 1939లో కాంగ్రెస్ అధ్యక్ష పదవికి పోటీ చేసి సుభాష్ చంద్రబోస్ చేతిలో 1377–1580 ఓట్లతో ఓడారు, 1948లో అధ్యక్షుడయ్యారు.

వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారిది ఇంకో దారి. గుల్బర్గాలో ఎంబీబీఎస్, 1973లో పులివెందులలో తండ్రి పేరు మీద ఆసుపత్రి, రూపాయి డాక్టర్ అన్న పేరు, 1978లో ఎమ్మెల్యే. కానీ తండ్రికి అక్కడ ముందే పలుకుబడి ఉంది, ఆ లెక్క మనకి పనికిరాదు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. 2007లో ఆరోగ్యశ్రీ లాంటిది తెచ్చారంటే, ఆపరేషన్ కోసం పొలం అమ్ముకునేవాళ్ళని దగ్గర నుంచి చూసిన మనిషి కాబట్టే అని నాకనిపిస్తుంది.

మీరు ప్రభుత్వ డాక్టరైతే రాజీనామా చెయ్యకుండా నిలబడటం కుదరదు, అది మీకు తెలిసే ఉంటుంది. సొంత క్లినిక్ అయితే నా మాట ఇదీ: కుర్చీ ఒక్కటే పెట్టుకోకండి. పెదనాన్న మూడో ఏడు కళ్ళు తెరిచి, పొద్దున పూట ఒక కుర్ర డాక్టర్ని కూర్చోబెట్టారు. వార్డు పనులకి వీధి చివర వేరే గది తీసుకున్నారు. క్లినిక్‌లో కొళాయి మాటెత్తితే కాంపౌండరే ఆ గదికి పంపేసేవాడు. కొంత నయమైంది. పోయినవాళ్ళందరూ తిరిగి రాలేదు.

2001లో ఆయన మళ్ళీ నిలబడలేదు. ఎన్నికలైన వారానికి నేను అక్కడే ఉన్నాను. అయిదేళ్ళుగా అరక్కోణం పోయి చూపించుకుంటున్న ఒకావిడ మనవణ్ణి చంకనేసుకుని వచ్చింది. ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదని పెదనాన్న అడగలేదు, ఆవిడా చెప్పలేదు. పిల్లాడి గొంతు చూసి మందు రాసిచ్చారు. ఆవిడ సీసాలో పది రూపాయలు వేసి, గుమ్మం దగ్గర ఆగి, "ఫీజేమన్నా పెంచారా డాక్టరయ్యా?" అంది.

పెంచి రెండేళ్ళయింది. "లేదమ్మా" అన్నారు పెదనాన్న.