పువ్వు సరే, మరి ఆకు?

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. ఆల్ప్స్ కొండల్లో వేసవి వెళ్లిపోయాక పూసే కోల్చికం మీద తెలుగులో ఒకరు ఇంత ఇష్టంగా రాస్తారని నేను అనుకోలేదు, చాలా సంతోషం వేసింది. వాక్యం నీ చేతిలో బాగా నడుస్తోంది, దాని గురించి నేనేమీ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది వేరే ఉంది. పేజీ తిప్పినప్పుడల్లా "మృత్యుసుందరి" అన్నావు, కానీ వ్యాసం మొత్తంలో ఎక్కడా ఆ మొక్క ఆకు ఊసే లేదు.

ఆ మొక్క తిని మనుషులు ప్రాణాల మీదికి తెచ్చుకునేది ఎక్కువగా ఆకుతోనే. వసంతం రాగానే జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లలో జనం అడవి అంచులకు వెళ్లి అడవి వెల్లుల్లి ఆకు కోసుకొచ్చి సూపుల్లో, పచ్చళ్లలో వేసుకుంటారు, సరిగ్గా అప్పుడే, కొన్నిచోట్ల అదే తడి నేలలో, చూపుకు వాటిలాగే ఉండే కోల్చికం ఆకులూ లేస్తాయి. అప్పుడు దానికి పువ్వుండదు కాబట్టి శరదృతువులో ఊదారంగు పువ్వును చూసి ఫొటో తీసుకున్న మనిషి కూడా దాన్ని పోల్చుకోలేడు. నీ వ్యాసం చదివినవాళ్లకీ అదే గతి కదా!

కాబట్టి ఆ ఆకును దగ్గరగా చూపించు. అడవి వెల్లుల్లిలో ప్రతి ఆకూ తన సన్నటి కాడ మీద విడిగా లేస్తుంది, ఆకు పల్చగా ఉంటుంది, వెనకవైపు మెరుపు ఉండదు. కోల్చికం ఆకుకు కాడే లేదు. మందంగా, నిగనిగలాడుతూ రెండు మూడు ఆకులు ఒకదాన్నొకటి చుట్టుకుని ఒకేచోట నుంచి పైకొస్తాయి, మే నెలకల్లా వాటి మధ్య పచ్చటి కాయ కనిపిస్తుంది. నలిపి వాసన చూస్తే తెలిసిపోతుంది కదా అని చాలామంది ధీమా. మొదటి నాలుగు వెల్లుల్లి ఆకులు కోసేసరికే వేళ్లకు ఆ వాసన పట్టేస్తుంది, ఆ తర్వాత ఏ ఆకు నలిపినా వెల్లుల్లి వాసనే. ఈ ఒక్క సంగతి చదివినవాడి ఒళ్లు జలదరించడానికి విశేషణం అవసరం లేదు.

విషం గురించి కూడా తొందరపడ్డావు. "తిన్న క్షణమే మరణం" అని రాశావు, అది తప్పు. తిన్నాక కొన్ని గంటల దాకా ఏమీ తెలియదు, తర్వాత వాంతులు, విరేచనాలు మొదలవుతాయి, అన్నం పడలేదనుకుని మనిషి ఇంట్లోనే ఉండిపోతాడు. ఈలోగా ఆ మొక్కలోని విషం, దాని పేరు కోల్చిసిన్, శరీరంలోని కణాలు రెండుగా విడిపోకుండా ఆపేస్తుంటుంది. కణం రెండుగా చీలడానికి లోపల సన్నటి దారాల లాంటివి ఏర్పడాలి, ఈ పదార్థం వాటిని కట్టనివ్వదు. అందుకే నిత్యం కొత్త కణాలు తయారయ్యే పేగులు, ఎముక మూలుగ బాగా దెబ్బతింటాయి. ఉడికించినా ఎండబెట్టినా విషం పోదు, వాడుకలో ఉన్న విరుగుడు మందూ లేదు. అనుమానం వస్తే లక్షణాల కోసం చూడకుండా, మిగిలిన ఆకు పట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ మాట వ్యాసంలో ఉండి తీరాలి, అందం చెడుతుందని భయపడకు. అదే కోల్చిసిన్‌ను 1820లో పెల్లెటియే, కావెంటూ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞులు ఈ మొక్క నుంచి వేరుచేశారనీ, ఇవాళ్టికీ గౌట్ కీళ్లనొప్పికి డాక్టర్లు చిన్న మోతాదులో ఇస్తున్నారనీ ఒక వాక్యంలో చెప్పి వదిలెయ్, అంతకు మించితే దారి తప్పుతావు.

ఇంకో చిన్న దిద్దుబాటు. దీన్ని కుంకుమపువ్వుకు చెల్లెలన్నావు. చూపుకే పోలిక, కుటుంబాలు వేరు. కుంకుమపువ్వుకు మూడు కేసరాలు, దీనికి ఆరు. పువ్వు లోపలికి తొంగిచూసి లెక్కపెట్టినవాడు ఈ మాట రాయడు.

నాకు బాగా వెలితిగా అనిపించింది మాత్రం దాని ఏడాది కథ. ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఆకు లేకుండా వట్టి పువ్వే నేలలోంచి లేస్తుంది. మనం కాడ అనుకునేది నిజానికి పువ్వు గొట్టమే, అది మట్టిలోకి జానెడు లోతున దిగి దుంప దాకా వెళుతుంది. తర్వాత కాయగా మారే అండాశయం అక్కడే ఉంటుంది. తేనెటీగలు, ఈగలు పుప్పొడి మోసి వెళ్లిపోయాక పువ్వు వాలిపోతుంది, కొండ మీద మంచు కురుస్తుంది, కాయ అవ్వాల్సింది మాత్రం మంచు దెబ్బ తగలకుండా నేల కిందే చలికాలం గడుపుతుంది. వసంతంలో ఆకులే దాన్ని వెలుగులోకి మోసుకొస్తాయి. ఆ ఆకులు కొన్ని వారాలపాటు ఎండ తాగి కొత్త దుంపను నింపి, జూన్, జూలైకల్లా ఎండిపోతాయి. కాయ పగిలి గింజలు రాలుతాయి, గింజకు అంటుకున్న మెత్తటి కండ కోసం చీమలు వాటిని లాక్కెళతాయి. అంటే మనం సెప్టెంబరులో చూసే పువ్వు ఖర్చుపెడుతున్నది వసంతంలో ఆకు సంపాదించి పెట్టిందే. ఇంత కథ చేతిలో ఉండగా "మృత్యుసుందరి" ఎందుకు చెప్పు?

పైగా ఇది తెలిస్తేనే అక్కడి రైతు బాధ అర్థమవుతుంది. పచ్చిగా ఉన్నప్పుడు పశువులు చాలావరకు ఆ ఆకును వదిలేస్తాయి, ఎండుగడ్డిలో కలిసిపోయాక ఏరుకోలేవు, తినేస్తాయి. ఆకులు బాగా ఎదిగిన వేళ, ఏప్రిల్ చివర్లోనో మేలోనో గడ్డి కోసేస్తే దుంప నిండదు, గింజ పండదు, కొన్నేళ్లకు మొక్క తగ్గుతుంది. కానీ అంత ముందుగా కోస్తే ఆ పచ్చికలోని మిగతా పూలు విత్తనం పట్టవు, వాటి మీద బతికే పురుగులకూ తిండి ఉండదు. కోత ఆలస్యం చేస్తే అవి బతుకుతాయి, వాటితోపాటు కోల్చికమూ పెరుగుతుంది, ఆ గడ్డి పశువులకు పనికిరాదు. పనికిరాని గడ్డిని కోసేదెవరు? కోత ఆగితే పొదలు కమ్మి చివరికి పచ్చికే పోతుంది. ఇక్కడ దుర్మార్గులు ఎవరూ లేరు. నీ వ్యాసానికి నడుం ఇదేనని నా నమ్మకం, ఇక్కడ రెండు పేజీలు ఎక్కువ పట్టినా ఫర్వాలేదు.

మొదటి పేజీలో ఉన్న సూర్యాస్తమయం తీసెయ్. ఆకు నుంచి మొదలుపెట్టు, పువ్వు దాని వంతు వచ్చినప్పుడే రానీ. అడవి వెల్లుల్లి భాగాన్ని ఆకులు తెలిసిన వృక్షశాస్త్రం వాళ్లెవరికైనా చూపించి సరిచూసుకున్నాకే అచ్చుకివ్వు. టెన్షన్ పడకు, గడువు దాటితే సంపాదకుడితో నేను మాట్లాడతాను.