కాగితం కొంగలు మడిస్తే చమురు పైపులు ఆగుతాయా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్‌లో తెలుగు బడి పిల్లలతో కాగితం కొంగలు చేయించి, మాకినా జలసంధి అడుగున ఉన్న లైన్ 5 చమురు పైపులకు వ్యతిరేకంగా ఎక్కడైనా వేలాడదీద్దామనుకుంటున్నారు. ఇంట్లో పెద్దవాళ్ళేమో "కాగితాలకు పైపులు ఆగుతాయా" అని నవ్వుతున్నారు. చేసినవాళ్ళెవరైనా ఉంటే చెప్పమన్నారు.

మేం చేశాం, ఇంకా చేస్తున్నాం. డెట్రాయిట్ శివార్లలో, మా ఊరి లైబ్రరీ హాల్లో. మీ పెద్దవాళ్ళు అన్నది నిజమే, ఆగవు. నేనిది రాసే రోజుకి కూడా ఆ పైపుల్లో చమురు పారుతూనే ఉంది. అయితే కాగితం మడవడం వల్ల ఇంకో పని జరుగుతుంది. వీసా మీద ఉండి ఊరేగింపు అంటేనే బెదిరే మనలాంటివాళ్ళు కూడా వచ్చి కూర్చుని, విని, నోరు తెరిచి నాలుగు మాటలు అడుగుతారు. అంతవరకు నేను హామీ ఇవ్వగలను.

ముందు పైపుల సంగతి, ఎలాగూ పిల్లలకు చెప్పాలి కాబట్టి. లైన్ 5 విస్కాన్సిన్‌లోని సుపీరియర్ ఊరి నుంచి కెనడాలోని సార్నియా దాకా 645 మైళ్ళు వెళ్తుంది. 1953లో వేశారు. మిషిగన్ సరస్సూ హ్యూరాన్ సరస్సూ కలిసే మాకినా జలసంధి దగ్గర అది రెండు పైపులుగా చీలి, నాలుగున్నర మైళ్ళు నీటి అడుగున పోతుంది. ఒక్కో పైపు వ్యాసం 20 అంగుళాలు. రోజుకు దాదాపు 5,40,000 బ్యారెళ్ళ సరుకు. గ్రేట్ లేక్స్‌లో ఉన్నది భూమి పైన కనిపించే మంచినీటిలో ఇంచుమించు ఐదో వంతు, 3 కోట్ల మందికి పైగా తాగేది ఆ నీళ్ళే. జలసంధిలో ప్రవాహం ఒకే దిక్కుకు ఉండదు, కొద్ది రోజుల్లోనే అటుది ఇటు తిరుగుతుంది. అందుకే 2014లో యూనివర్సిటీ ఆఫ్ మిషిగన్ శాస్త్రవేత్త డేవిడ్ ష్వాబ్ కంప్యూటర్ నమూనాలు చేసి చూసి, ఈ సరస్సుల్లో చమురు ఒలకడానికి ఇంతకంటే చెడ్డ చోటు లేదని తేల్చాడు. 2018 ఏప్రిల్లో ఒక ఓడ లంగరు అడుగున ఈడ్చుకుపోతూ ఆ పైపులకు సొట్టలు పెట్టింది. పక్కనున్న కరెంటు కేబుళ్ళు దెబ్బతిని వాటిలోని ద్రవం నీళ్ళలో కలిసింది. పైపులు పగల్లేదు, అది అదృష్టం.

2020 నవంబరులో మిషిగన్ గవర్నర్ గ్రెచెన్ విట్మర్, జలసంధి అడుగున పైపులు వేసుకోవడానికి 1953లో ఇచ్చిన అనుమతిని రద్దు చేసి, 2021 మే లోపు పైపులు ఆపమన్నారు. నడిపే కంపెనీ ఎన్‌బ్రిడ్జ్ ఆపలేదు, ఆ అధికారం రాష్ట్రానికి లేదంది. కెనడా ప్రభుత్వం పైపుల గురించి అమెరికాతో 1977లో చేసుకున్న ఒప్పందాన్ని బయటికి తీసింది. అప్పట్నుంచీ కోర్టులే. జలసంధి నేల కింద సొరంగం తవ్వి కొత్త పైపు అందులో పెడతామన్నది కంపెనీ మాట. 2023 డిసెంబరులో రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ దానికి ఒప్పుకుంది. అదే ఏడాది జూన్‌లో విస్కాన్సిన్‌లో ఒక ఫెడరల్ జడ్జి, బ్యాడ్ రివర్ అనే ఆదివాసీ తెగ భూమిలోంచి వెళ్ళే ముక్కను మూడేళ్ళలో ఆపమని తీర్పు ఇచ్చాడు. ఇంతవరకు చాలు, లోతుకి పోతే పిల్లలు నిద్రపోతారు.

ఒక్క జాగ్రత్త. చాలామంది కరపత్రాల్లో 2010 కలమజూ నది ఫొటోలు పెట్టేస్తారు. మార్షల్ ఊరి దగ్గర పగిలింది అదే కంపెనీ వాళ్ళ వేరే పైపు, లైన్ 6బి. కంట్రోల్ రూమ్‌లో అలారం మోగుతున్నా పైపులో ఆవిరి బుడగ ఏర్పడిందేమో అనుకుని పంపులు మళ్ళీ వేశారు. 17 గంటలు గడిచాక, అదీ బయటివాళ్ళు ఫోన్ చేస్తే తెలిసింది. దాదాపు 32 లక్షల లీటర్లు పోయింది. అది బరువైన చమురు కాబట్టి నది అడుగుకు దిగింది, ఏళ్ళ తరబడి తవ్వి తీశారు. లైన్ 5లో వచ్చేది తేలిక ముడిచమురు, ప్రొపేన్ లాంటి సహజవాయు ద్రవాలు. రెండిటినీ కలిపి రాస్తే ఎదుటివాళ్ళు ఆ ఒక్క తప్పు పట్టుకుని మిగతాదంతా కొట్టిపారేస్తారు. పోలిక చెప్పాల్సింది పైపు పగిలినా గంటల తరబడి తెలియకపోవడం గురించి.

ఇక మడతల సంగతి. మనవాళ్ళని నిరసనకు రమ్మంటే ఏమంటారో మీకు తెలుసు. హెచ్1బి, గ్రీన్ కార్డ్ క్యూ, ఫొటో ఎక్కడైనా పడితే ఏమవుతుందో అని టెన్షన్. ఇంకో చిక్కు, మా ఊళ్ళో సగం మంది కార్ల కంపెనీల జీతం తింటున్నాం. మా ఆయన కూడా. పెట్రోలు కార్ల డబ్బుతో ఇల్లు కొనుక్కుని చమురుకి వ్యతిరేకంగా ప్లకార్డు పట్టుకుంటే మొహమాటంగానే ఉంటుంది. అదే "ఆదివారం లైబ్రరీలో పిల్లలకు ఒరిగామి" అంటే ఎస్‌యువిలు బారులు తీరతాయి. మోసం చేసి పిలవకండి, పోస్టర్ మీదే పైపుల గురించి అని రాయండి. అయినా వస్తారు. చేతికి పని ఉంటే మనిషి గంటసేపు కదలడు, ఎదురుగా ఉన్నవాడి మొహం చూడక్కర్లేదు కాబట్టి అడగడానికి సిగ్గుపడిన ప్రశ్నలు అడుగుతాడు. "ఇంతకీ మన కుళాయి నీళ్ళు ఎక్కణ్ణించి వస్తాయి?" అన్నది పదేళ్ళుగా ఇక్కడే ఉంటున్న ఒక ఇంజనీరు గారి ప్రశ్న. (హ్యూరాన్ సరస్సు నుంచి. సగం హాలుకి తెలియదు.)

అందరికంటే బాగా మడిచేది ఎవరో చెప్పనా? వేసవిలో ఆర్నెల్లకి వచ్చే అమ్మానాన్నలు, అత్తమామలు. వాళ్ళకి టైముంది, ఓపికుంది. ఇంట్లో టీవీ ముందు విసుగ్గా ఉంటుంది. వాళ్ళకు కొంగ రాదు. కత్తి పడవ వస్తుంది! మొదటిసారి మా మామయ్యగారు కొంగ రెండో మెట్టు దగ్గరే వదిలేసి, అదే కాగితంతో కత్తి పడవ చేసి పక్కనున్న పిల్లాడి చేతిలో పెట్టారు. కాసేపటికి ఆ బల్ల చుట్టూ పడవలే. అప్పట్నుంచీ మాకు ఏడేళ్ళలోపు పిల్లలకి పడవ, పెద్దవాళ్ళకి కొంగ అని పద్ధతి ఏర్పడిపోయింది. కొంగకి ఇరవై పైచిలుకు మడతలు, చిన్నపిల్లలు మధ్యలో ఏడుస్తారు.

మాది అమలాపురం వైపు. మామయ్యగారు మడుస్తూ మడుస్తూ పాశర్లపూడి సంగతి ఎత్తారు. 1995 జనవరిలో అక్కడ గ్యాస్ బావి ఎగదన్ని అంటుకుని 65 రోజులు మండింది. రాత్రిపూట తన ఊళ్ళోంచి కూడా ఆకాశం ఎర్రగా కనిపించేదని, చుట్టుపక్కల ఊళ్ళు ఖాళీ చేయించారని, కొబ్బరి చెట్లు నిలువునా మాడిపోయాయని చెప్పారు. తర్వాత 2014 జూన్‌లో నగరం గ్రామంలో తెల్లవారుజామున గ్యాస్ పైపు పేలి 20 మందికి పైగా చనిపోవడం. ఆ మాటలు విన్నాక హాల్లో ఎవరూ "మనకెందుకు" అనలేదు. అమెరికాలో పుట్టిన పిల్లలకి మాకినా అంటే అక్కడి దీవిలో ఫడ్జ్ మిఠాయి తినడం, గుర్రబ్బండి ఎక్కడం. పైపు అంటే ఏమిటో వాళ్ళకి తాతగారి నోట అర్థమైంది. మీ ఊళ్ళోనూ కోనసీమ తాతగారొకరు దొరక్కపోరు, వెతకండి.

పైపులు ఆపొద్దనే అటువైపు మనిషి కూడా ఉండాలి హాల్లో. మాకు ఒకాయన వచ్చారు, జలసంధికి ఉత్తరాన ఉన్న మిషిగన్ భాగం, అప్పర్ పెనిన్సులాలో పెరిగిన అమెరికన్. "జనవరిలో మా అమ్మ ఇల్లు వెచ్చగా ఉండేది ఈ ప్రొపేన్ వల్లే, ఆపితే ఏం చేస్తారు?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. రైళ్ళలో, లారీల్లో తేవచ్చని ఒకరన్నారు, దానికి ఖర్చెంత, ప్రమాదమెంత అని ఆయన మళ్ళీ అడిగారు. తేలలేదు. కానీ ఆయన వెళ్ళేలోపు మూడు కొంగలు మడిచారు, చాలా వంకరగా.

కొంగలే ఎందుకు అంటే, హిరోషిమా బాంబు పడ్డప్పుడు రెండేళ్ళ పిల్ల అయిన సడాకో ససాకి పన్నెండేళ్ళకు, 1955లో, లుకేమియా అనే రక్త క్యాన్సర్‌తో చనిపోతూ మడిచినవి అవే. ఈ దేశంలో దాన్ని నిరసనగా బాగా వాడినవాళ్ళు జపనీస్ అమెరికన్లు. రెండో ప్రపంచ యుద్ధంలో తమ కుటుంబాలను నిర్బంధ శిబిరాల్లో పెట్టిన సంగతి గుర్తుపెట్టుకుని, 2019లో ట్సురు ఫర్ సాలిడారిటీ అనే పేరుతో టెక్సాస్‌లోని డిల్లీ ఊరికి వేల కొంగలు పట్టుకెళ్ళి, వలస కుటుంబాలను బంధించిన కేంద్రం కంచెకు కట్టారు. అక్కడ కొంగ పక్కన కథ ఉంది, కథ చెప్పే మనిషి ఉన్నాడు. మీరూ అలా చేయండి, ఉత్తి అలంకారంగా వేలాడదీస్తే బర్త్‌డే పార్టీ అనుకుంటారు.

ఇంకో మాట, ఇది కాస్త గట్టిగానే చెప్తాను. ఈ నీటి గురించి మనకంటే ముందు మాట్లాడినవాళ్ళు ఇక్కడి ఆదివాసీలైన అనిషినాబే ప్రజలు. 1836లో అమెరికా ప్రభుత్వంతో చేసుకున్న ఒప్పందంలో భూమి ఇచ్చేసినా ఆ నీళ్ళలో చేపలు పట్టే హక్కు తమకే ఉంచుకున్నారు. జలసంధిలో గుడ్లు పెట్టే వైట్‌ఫిష్ అనే చేపే వాళ్ళ తిండీ జీవనమూ. జోసెఫిన్ మాండమిన్ అనే అమ్మమ్మ 2003 నుంచి రాగి బిందెతో నీళ్ళు మోస్తూ గ్రేట్ లేక్స్ అన్నిటి చుట్టూ నడిచింది. వాళ్ళలోని బే మిల్స్ తెగ సొరంగం అనుమతులపై కోర్టుల్లో పోరాడుతోంది. మీ కార్యక్రమం గురించి ముందు వాళ్ళకొక ఉత్తరం రాయండి, వచ్చి మాట్లాడమని అడగండి, వస్తే దారిఖర్చూ గౌరవవేతనమూ ఇవ్వండి. వాళ్ళ పాటలూ డ్రమ్ములూ మన పిల్లల చేత వేయించకండి. మన పడవ మనకుంది.

చేసే పద్ధతి క్లుప్తంగా. కాగితం 15 సెంటీమీటర్ల చదరం, సన్నది. ఇండియన్ స్టోర్ వాళ్ళిచ్చే పాత క్యాలెండర్ షీట్లు అందంగా ఉంటాయి గానీ మందం ఎక్కువ, మడత దగ్గర చిట్లుతాయి, పడవలకి వాడండి. ఎవరింట్లోనైనా పాత రోడ్డు మ్యాపులుంటే బంగారం. మెరుపులూ రేకూ పూసిన కాగితం వద్దు. దారానికి 40 చొప్పున 25 దారాలు కడితే వెయ్యి, కింద పూస కట్టకపోతే జారిపోతాయి. సరస్సులో ఒక్క పడవ కూడా వదలకండి, పిల్లలు ఎంత బతిమాలినా సరే. నీటి కోసం చేస్తూ నీళ్ళలో చెత్త వేశారంటారు, సరిగ్గానే అంటారు.

అసలు పని కార్డులది. ప్రతి బల్ల మీదా ఖాళీ పోస్టుకార్డులు పెట్టండి. సొరంగానికి అనుమతి ఇవ్వాల్సిన ఫెడరల్ సంస్థ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ జనం అభిప్రాయాలు అడిగినప్పుడు మేం అలాగే పంపాం. అభిప్రాయం పంపడానికి ఓటు హక్కు అక్కర్లేదు. ఇది చెప్తే సగం మంది మొహాలు విప్పారతాయి. వీసా గురించి గుబులున్నవాళ్ళని బలవంతపెట్టకండి, కావాలంటే వాళ్ళ లాయర్ని అడిగి తెలుసుకుంటారు. అందరూ ఒకే వాక్యం రాస్తే పెద్దగా పట్టించుకోరు. "మా ఇంటికి ఈ నీళ్ళే వస్తాయి, మా నాన్న పాశర్లపూడి చూశాడు" అని సొంత మాట రాయమనండి. తెలుగులో రాసి కింద ఇంగ్లిష్ తర్జుమా పెట్టినవాళ్ళూ ఉన్నారు మా దగ్గర.

లైబ్రరీ హాలు ఉచితంగా దొరుకుతుంది గానీ గోడలకు మేకులు కొట్టనివ్వరు, ముందే అడిగి బట్టల స్టాండ్లు తెచ్చుకోండి. కార్డు నమూనా కావాలంటే అడగండి, పెడతాను.